గోధుమ పడని ఇంట్లో వంట: సీలియాక్ వ్యాధిపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సీలియాక్ వ్యాధి గురించే కావడంతో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. ఈ పేరు మొదటిసారి వింటున్నవారి కోసం క్లుప్తంగా చెబుతాను. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. పుట్టుకతోనే కొన్ని ప్రత్యేక జన్యువులు ఉన్నవారిలో కొందరికి, ఆ మాంసకృత్తు కడుపులో పడినప్పుడల్లా శరీర రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు గోడ మీదే దాడి చేస్తుంది. ఆహారసారాన్ని పీల్చుకోవలసిన చూషకాలు అరిగి చదునైపోతాయి, తిన్నది ఒంటబట్టదు. దీనిని నయం చేసే మందు లేదు. గ్లూటెన్ ఉన్న పదార్థాలను జీవితాంతం పూర్తిగా మానడమే చికిత్స. రై మన వైపు పండే ధాన్యం కాదు, హిందీలో రాయీ అని పిలిచే ఆవాలకు దానితో ఏ సంబంధమూ లేదు కనుక పోపు గురించి ఆ భయం అక్కరలేదు.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. చాలాకాలంగా విరేచనాలు, కడుపుబ్బరం ఉండేవి, ఈడు పిల్లలకన్నా పొట్టిగా ఉండిపోయింది. విశాఖపట్నంలో రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి సీలియాక్ అని తేల్చారు. గోధుమ మానమన్నారు కానీ ఏం పెట్టాలో వివరంగా చెప్పలేదు. గ్లూటెన్ లేని పిండి, బిస్కెట్ల ధరలు చూస్తే మాకు అందేలా లేవు. బడిలో భోజనం తినవచ్చా?
– ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: అమ్మా, ముందుగా ఆ ఖరీదైన పొట్లాల ఆలోచన పక్కన పెట్టండి. అవి రొట్టె తప్ప మరొకటి ముద్ద దిగని ప్రాంతాల వారి అవసరం కొద్దీ పుట్టినవి. వాటిలో చాలావాటిలో పిండిపదార్థం, చక్కెర, కొవ్వు ఎక్కువగా, పీచు తక్కువగా ఉంటాయి. మీ వంటింట్లో ఇప్పటికే ఉన్న బియ్యం, చోళ్ళు (రాగులు), జొన్నలు, గంటెలు (సజ్జలు), కొర్రలు, సామలు, మినుములు, పెసలు, కందులు, ఉలవలు, సగ్గుబియ్యం, అటుకులు, మొక్కజొన్న, దుంపలు, కూరగాయలు, పండ్లు, పాలు, గుడ్లు, చేపలు, మాంసం వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. రేషన్ దుకాణంలో ఇచ్చే బలవర్ధక బియ్యంలో కలిపేవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ మాత్రమే కనుక వాటితోనూ చిక్కు లేదు.

ఉదయం ఇడ్లీ, మినప దోశ, పెసరట్టు, పోపు అటుకులు, బియ్యపు రవ్వతో చేసిన ఉప్పుడు పిండి, చోడి అంబలి వంటివి పెట్టవచ్చు. ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసినదే కానీ ఉప్మా రవ్వ గోధుమది. కొట్లో రెండూ పక్కపక్క డబ్బాల్లో ఉండి, ఒకే గరిటెతో తీసి తూచడం మామూలు కనుక ఇడ్లీ రవ్వను విడిగా కాక ప్యాకెట్‌గానే కొనండి, లేదా బియ్యం మీరే నానబెట్టి ఆరబెట్టి మిక్సీలో రవ్వ పట్టుకోండి. సాయంత్రానికి నువ్వుండలు, వేరుశనగ ఉండలు, ఉడికించిన చిలగడదుంప, కాలాన్ని బట్టి పనస తొనలు, ముంజెలు, తేగలు పెట్టవచ్చు. బియ్యప్పిండి జంతికలు ఇంట్లో చేసినవైతే మంచిది. బజారు జంతికలు గవ్వలు వేయించిన నూనెలోనే వేగుతాయి. చోడి బిస్కెట్లు అని పెద్ద అక్షరాలతో అట్టపెట్టె మీద రాసి ఉన్నా, వెనకవైపు చిన్న అక్షరాలలో మొదటి పదార్థంగా గోధుమపిండో మైదావో కనిపించడం నేను చాలాసార్లు చూశాను. పాలలో కలిపే బలవర్ధక పొడులలో చాలావరకు బార్లీ మాల్ట్ ఉంటుంది కనుక వాటిని మానిపించండి.

పేగు అరిగి ఉన్న తొలి వారాలలో పాలలోని చక్కెర కూడా అరగక, పాలు తాగగానే కడుపు ఉబ్బి విరేచనం కావచ్చు. అటువంటప్పుడు కొద్ది వారాలు పాలు తగ్గించి పెరుగు, మజ్జిగ ఇవ్వండి. పేగు కోలుకున్న కొద్దీ చాలామందికి పాలు మళ్ళీ సరిపడతాయి. పిల్ల ఎదుగుదలకు సున్నం, అంటే కాల్షియం, ముఖ్యం. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే బియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే. మీరు చేపలు తినేవారైతే ముల్లుతో సహా నమిలే మెత్తళ్ళు, పచ్చివైనా ఎండువైనా, ఈ విషయంలో మంచివే. ఇనుము, విటమిన్ డి, ఫోలిక్ ఆమ్లం మాత్రలు అవసరమా కాదా అన్నది రక్తపరీక్ష చూసి వైద్యులు నిర్ణయించాలి.

ఇక బడి సంగతి. మధ్యాహ్న భోజనంలో అన్నం, పప్పు, గుడ్డు, చోడి జావ, వేరుశనగ చిక్కీ స్వతహాగా సురక్షితమైనవే. ఇబ్బంది సాంబారులో వేసే ఇంగువతో రావచ్చు. దాని గురించి కింద మరో ఉత్తరానికి రాశాను. తరగతి ఉపాధ్యాయురాలికీ వంట చేసే అమ్మకూ మీరే స్వయంగా వెళ్ళి చెప్పండి. వైద్యుల చీటీ నకలు ఒకటి బడిలో ఇస్తే టీచరు మారినా మాట నిలుస్తుంది. అసలు ప్రమాదం పళ్ళెంలో కన్నా పుట్టినరోజు కేకులో, పక్క పిల్ల పెట్టిన బిస్కెట్‌లో ఉంటుంది. తొమ్మిదేళ్ళ పిల్లకు విషయం అర్థమయ్యేలా చెబితే తానే వద్దనగలదు. అలా అన్ననాడు ఆమెకు ఇవ్వడానికి ఒక చిక్కీయో నువ్వుండో సంచిలో ఉంచండి. ఇంట్లో నాయనమ్మలూ తాతయ్యలూ ‘ఒక్క ముక్కకు ఏమౌతుందిలే’ అని చాటుగా పెట్టే బిస్కెట్ గురించి కూడా చెప్పక తప్పదు. వారిది ప్రేమే అయినా పిల్ల పేగుకు అది తెలియదు.

మూడు నెలలకొకసారి ఎత్తు, బరువు కొలిచి ఒక పుస్తకంలో రాసి ఉంచండి. వ్యాధి చిన్నతనంలోనే తేలి, పథ్యం గట్టిగా సాగితే చాలామంది పిల్లలు వెనకబడిన ఎత్తును తిరిగి అందుకుంటారు. ఆరు నెలలకు టీటీజీ అనే రక్తపరీక్ష మళ్ళీ చేయించండి. ఆ సంఖ్య దిగుతున్నదంటే పథ్యం ఫలిస్తున్నట్టు, దిగడం లేదంటే ఎక్కడో గ్లూటెన్ చొరబడుతున్నట్టు.

ప్రశ్న: నా వయసు ముప్పై నాలుగు. రక్తం పది శాతం దాటడం లేదు. ఇనుము మాత్రలు ఎన్ని నెలలు వాడినా ఫలితం లేదు. సీలియాక్ గురించి ఎక్కడో చదివి రెండు వారాలుగా చపాతీ, రవ్వ మానేశాను. కొంచెం తేలికగానే ఉంది. ఇప్పుడు పరీక్ష చేయించుకుంటే తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: పరీక్షకు ముందు గోధుమ మానడం మంచిది కాదు. మీ ఉత్తరం చదివే మరెవరైనా అదే పని చేయబోతుంటే ఆగిపోవాలని మొదట ఇది చెబుతున్నాను. టీటీజీ పరీక్ష కొలిచేది గ్లూటెన్‌కు ప్రతిగా శరీరంలో పుట్టే ప్రతిరక్షకాలను. గోధుమ మానిన కొద్దీ అవి తగ్గిపోతాయి, పేగు గోడ కూడా మానడం మొదలుపెడుతుంది, అప్పుడు రక్తపరీక్షా, ఎండోస్కోపీలో తీసే ముక్క పరీక్షా రెండూ జబ్బు లేదనే చెప్పవచ్చు. మీరు మానింది రెండు వారాలే కనుక ఆలస్యం చేయకుండా వైద్యులను కలిసి, మానిన సంగతి చెప్పండి. మళ్ళీ కొన్ని వారాలు రోజూ గోధుమ తిని అప్పుడు పరీక్ష చేయించుకోమని వారు అనవచ్చు. ఎంత తినాలి, ఎన్నాళ్ళు తినాలి అన్నది వారి పర్యవేక్షణలోనే జరగాలి. టీటీజీతో పాటు రక్తంలో ఐజీఏ అనే ప్రతిరక్షకం మొత్తం ఎంతుందో కూడా చూడమని అడగండి. పుట్టుకతో ఐజీఏ లోపం ఉన్నవారిలో టీటీజీ-ఐజీఏ ఫలితం తప్పుగా మామూలుగానే వస్తుంది.

రక్తహీనత అనగానే సీలియాక్ అని తీర్మానించుకోకండి. పొలంలో చెప్పులు లేకుండా పనిచేసేవారిలో కొంకిపురుగులు, కడుపులో పుండు, మొలల వల్ల కనపడకుండా పోయే రక్తం, ఆడవారిలో నెలసరి అధికంగా కావడం, భోజనం కాగానే టీ తాగే అలవాటు, ఇవన్నీ ఇంతకన్నా తరచుగా కనిపించే కారణాలు. అవి చూశాక కూడా ఇనుము ఎక్కకపోతే అప్పుడు పేగును అనుమానించాలి. గోధుమ మానాక తేలికగా ఉండడమూ రుజువు కాదు, గోధుమలోని ఇతర పదార్థాలు పడక ఉబ్బరం వచ్చేవారు కూడా ఉన్నారు. జీవితాంతం పాటించవలసిన పథ్యాన్ని అనుమానం మీద మొదలుపెట్టడం భావ్యం కాదు.

ప్రశ్న: మా వారికి ఈ వ్యాధి ఉంది. చోడిపిండి, బియ్యప్పిండి మా వీధిలోని పిండిమరలో ఆడించి వాడుతున్నాం. గోధుమ అసలు ఇంట్లోకే రానివ్వడం లేదు. అయినా రక్తపరీక్షలో సంఖ్య తగ్గలేదు. ఎందుకు?
– ఒక గృహిణి, చీపురుపల్లి

జవాబు: కారణం మీ ప్రశ్నలోనే కనిపిస్తున్నది: పిండిమర. వీలైతే ఒకసారి మర ఆగి ఉన్నప్పుడు దగ్గరకు వెళ్ళి చూడండి. పైన గింజలు పోసే తొట్టి మూలల్లో, లోపలి రాళ్ళ గాడుల్లో, పిండి బయటకు వచ్చే మూతికి కట్టిన గుడ్డ గొట్టం ముడతల్లో, కింద పెట్టే డబ్బా అంచుల్లో ముందు ఆడిన పిండి తెల్లగా పట్టుకొని ఉంటుంది. గోధుమ ఆడిన వెంటనే మీ చోళ్ళు పోస్తే మొదట దిగే పిండిలో చోడి ఎంతో గోధుమ ఎంతో ఎవరూ చెప్పలేరు. పొద్దున్నే మర తెరవగానే మొదటి వాయి మనదే ఆడించుకుంటే సరిపోతుందని చాలామంది అంటారు. నిన్న రాత్రి ఆఖరున ఆడింది గోధుమ అయితే ఆ ఉపాయం పనికిరాదు.

ఎంత కల్తీ హాని చేస్తుందో అంకెలలో చెబుతాను. 30 గ్రాముల పిండితో చేసిన ఒక్క చపాతీలో 2 గ్రాములకు పైగా గ్లూటెన్ ఉంటుంది. రోజుకు 50 మిల్లీగ్రాములు, అంటే ఆ చపాతీలో నలభయ్యో వంతుకన్నా తక్కువ, నెలల తరబడి లోపలికి వెళితే పేగు గోడ దెబ్బతింటుందని పరిశోధనలలో తేలింది. 10 మిల్లీగ్రాముల లోపు చాలామందికి హాని చేయదని నిపుణులు భావిస్తారు. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం గ్లూటెన్ రహితం అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు. గోధుమ ఆడిన మరలో వెంటనే పట్టిన పిండి ఈ హద్దులో ఉంటుందని ఆశించడం కష్టం.

కనుక మార్గాలు మూడు. రోజువారీ అవసరానికి నానబెట్టి రుబ్బుకునే వంటకాలే ఎక్కువ చేసుకోండి; ఇడ్లీ, దోశ, పెసరట్టు, గారె, అట్లు వీటికి మర అవసరమే లేదు. పొడిపిండి కావాలంటే మిక్సీలో కొద్దికొద్దిగా పట్టి జల్లించుకోండి, చోళ్ళు దోరగా వేయించి పడితే మెత్తగా నలుగుతాయి. పెద్ద కుటుంబమైతే ఇంట్లో పెట్టుకునే చిన్న పిండిమర కొనడం, లేదా మీ ఊరిలో బియ్యం, చోళ్ళు మాత్రమే ఆడే మరను వెతకడం మేలు. ఈ మూడింటిలో నేను మొదటిదానికే ఓటు వేస్తాను, ఖర్చు లేనిది అదే.

గింజలు కొన్నాక చాటలో చెరిగి, పళ్ళెంలో పరిచి ఏరండి. చోళ్ళలో గోధుమ గింజ పెద్దదిగా ఇట్టే కనబడుతుంది కానీ జొన్నల్లో, ముడి బియ్యంలో కలిస్తే కళ్ళద్దాలు పెట్టుకొని చూడవలసిందే. ఏరాక రెండు మూడు నీళ్ళు కడిగి ఎండబెట్టండి. గోధుమ ఇంట్లోకి రాదంటున్నారు కనుక మీకు ఈ బెడద లేదు కానీ, మిగతావారు చపాతీ తినే ఇళ్ళలో జల్లెడ, చపాతీ పీట, కర్ర, చెక్క గరిటె, పూరీలు వేయించిన నూనె ఇవి రోగికి వాడకూడదు. స్టీలు పాత్రలు సబ్బుతో తోమితే చాలు, ప్రత్యేకం కొననక్కరలేదు. మరిగించినా వేయించినా గ్లూటెన్ పోదని మాత్రం గుర్తుంచుకోండి. సూక్ష్మజీవుల లాగా అది వేడికి చచ్చేది కాదు.

ప్రశ్న: ఇంగువలో గోధుమ ఉంటుందని ఒకరు చెబితే నమ్మలేదు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: నిజమే. అసలు ఇంగువ ఒక మొక్క వేరునుంచి కారే జిగురు. దాని ఘాటును నేరుగా వాడలేం కనుక తుమ్మజిగురుతోనూ ఏదో ఒక పిండితోనూ కలిపి అమ్ముతారు, ఆ పిండి చాలా కంపెనీల ఇంగువలో గోధుమపిండి లేదా మైదా. పొడి డబ్బాలోనే కాక ముద్ద ఇంగువలోనూ ఇది ఉండవచ్చు. బియ్యప్పిండి కలిపినవి కూడా బజారులో దొరుకుతాయి కనుక డబ్బా తిప్పి పదార్థాల జాబితా చదవండి. గ్లూటెన్ ఉన్న ధాన్యం వాడితే లేబుల్ మీద చెప్పి తీరాలని మన దేశంలో నియమం ఉంది. విడిగా తూచి ఇచ్చేదానికి లేబుల్ ఉండదు, దాన్ని కొనవద్దు. దొరకని రోజున వెల్లుల్లి పోపుతో సరిపెట్టుకోండి. ఇంట్లో ఇంగువ మార్చినంత మాత్రాన సరిపోదు, కొన్న ఆవకాయ, మాగాయ, అప్పడాలు, సాంబారు పొడి, పులిహోర పొడి వీటిలోనూ అదే ఇంగువ ఉండవచ్చు. సోయా సాస్ చాలావరకు గోధుమతో పులియబెట్టినదే కనుక రోడ్డు పక్క ఫ్రైడ్ రైస్ అన్నమే కదా అని తినడానికి లేదు.

ప్రశ్న: మాది విజయనగరం. పెళ్ళిళ్ళు, వ్రతాలు, అమ్మవారి పండుగ అంటే బంధువులతో కూర్చొని తినకపోతే తప్పుగా అనుకుంటారు. ప్రసాదం వద్దనడానికి నాకు మనసు ఒప్పదు. నలుగురిలో ఎలా నెగ్గుకు రావాలి? హోటలుకు వెళితే ఏం తినాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: సత్యనారాయణ వ్రతం ప్రసాదం, అన్నవరం నుంచి మన ఇళ్ళకు విస్తరాకు పొట్లంలో వచ్చే ప్రసాదం రెండూ గోధుమ రవ్వతో చేసినవే. కళ్ళకద్దుకొని పక్కవారికి అందించడం ప్రసాదాన్ని తిరస్కరించడం కాదని నేను అనుకుంటాను; కొబ్బరి ముక్క, అరటిపండు, తీర్థం మీరు నిశ్చింతగా తీసుకోవచ్చు. మీ ఇంట్లో వ్రతం అయితే పురోహితులతో ఒక మాట చెప్పి బియ్యపు రవ్వతో ప్రసాదం చేయండి. చక్కెర పొంగలి మామూలుగా క్షేమం. పులిహోరకు, దధ్యోజనానికి మాత్రం ఇంగువ గురించి అడగాలి. చర్చిలో ఇచ్చే అప్పం కూడా గోధుమదే కనుక క్రైస్తవ పాఠకులు పాస్టరు గారితో ముందుగా మాట్లాడుకోవడం మంచిది.

పెళ్ళి భోజనంలో దగ్గరగా చూడవలసినది బూరె. లోపల పూర్ణం శనగపప్పు, బెల్లం. పై తోపు మన వైపు బియ్యం, మినప్పప్పు రుబ్బి చేసేదే అయినా, బాణలిలో విడిపోకుండా గుండ్రంగా రావడానికి కొందరు వంటవారు అందులో గుప్పెడు మైదా కలుపుతారు. చూడడానికి తేడా తెలియదు, తింటే అసలే తెలియదు. కనుక విస్తరి ముందు కూర్చున్నాక వడ్డించేవారిని అడిగితే లాభం లేదు; వారికి తెలియదు, తెలుసన్నట్టు తలూపుతారు. ముందుగా వంటల దగ్గరకు వెళ్ళి పెద్ద వంటవారిని ‘తోపులో మైదా కలిపారా, పూరీలు వేయించిన నూనెలోనే గారెలు వేస్తున్నారా’ అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు ఆయన చెప్పే జవాబుతో మీ విస్తరిలో సగం తేలిపోతుంది. బొబ్బట్లు, కాజాలు, రవ్వలడ్డు, సేమియా పాయసం వదిలేయండి. అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పెరుగు, అరటిపండు తినవచ్చు. మొదటి బంతిలో కూర్చుంటే గరిటెలు ఇంకా ఒకదానిలోది మరొకదానిలో పడి ఉండవు.

వరసలు కలుపుకొని బలవంతం చేసే పిన్నులకూ అత్తలకూ జబ్బు పేరు చెబితే అర్థం కాదు. ‘డాక్టరు గారు గోధుమ ముట్టవద్దన్నారు, తింటే మంచాన పడతాను’ అని ముక్తసరిగా చెప్పండి. పథ్యం అన్నమాటకు మన పల్లెల్లో ఉన్న గౌరవం ఇప్పటికీ పోలేదు. ఊరికి వెళ్ళేటప్పుడు అటుకులు, పెరుగు, ఒక డబ్బాలో ఇంటి వంట దగ్గర ఉంచుకోవడం మాత్రం మానవద్దు.

హోటలు గురించి కూడా అడిగారు. ఇడ్లీ దాదాపు ఎక్కడైనా మేలు. దోశ పెనం మీదే రవ్వ దోశ వేస్తారు, కరకరలాడడానికి పిండిలో కొందరు రవ్వ కలుపుతారు. పెసరట్టు ఒక్కటే అడగండి, ఉప్మా పెసరట్టు కాదు. మిరపకాయ బజ్జీ శనగపిండిదే కానీ అదే బాణలిలో మైదా బోండా వేగుతుంది.

ప్రశ్న: మా అమ్మకు యాభై ఎనిమిదేళ్ళు, చాలాకాలంగా చక్కెర వ్యాధి. అన్నం తగ్గించి రాత్రి చపాతీ తినమంటే అలాగే చేస్తున్నది. ఇప్పుడు సీలియాక్ కూడా బయటపడింది. అన్నం తినకూడదు, చపాతీ తినకూడదు, మరేం తినాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మన ప్రాంతంలో గోధుమ రోజువారీ తిండిగా మారడానికి చక్కెర వ్యాధి పెద్ద కారణం. ఒకప్పుడు పండుగ పూరీలకే పరిమితమైన పిండి ఇప్పుడు ప్రతి రాత్రీ పీట మీదకు వస్తున్నది. నిజానికి చపాతీకీ అన్నానికీ చక్కెర పెంచడంలో తేడా మనం అనుకునేంత లేదు, చపాతీ అయితే లెక్కపెట్టుకొని తింటాం, అన్నం అయితే కొలత ఉండదు, లాభం ఎక్కువగా అందులోనే ఉంది. కనుక అమ్మగారికి అన్నం నిషేధం కాదు, కొలత ముఖ్యం. పళ్ళెంలో సగం కూరలు, ఆకుకూరలు, పావు వంతు పప్పు లేదా చేప, పావు వంతు అన్నమో కొర్రన్నమో జొన్న రొట్టో పెట్టండి. రాత్రికి రెండు పెసరట్లు, ఉల్లిపాయ పచ్చడితో, చపాతీ స్థానాన్ని చక్కగా భర్తీ చేస్తాయి. చోడి అంబలి మంచిదే కానీ పలుచగా గ్లాసులకొద్దీ తాగితే చక్కెర తొందరగా పెరుగుతుంది. ముద్దగా, కూరతో తినడం నయం. జొన్నపిండిలో జిగురు లేక రొట్టె విరుగుతుంది కనుక వేడినీళ్ళతో కలిపి చేత్తో తట్టాలి. విరుగుతున్నదని అందులో గుప్పెడు గోధుమపిండి కలపడం ఉంది చూశారూ, అది అసలు చేయకూడదు.

గోధుమ మానాక పేగు కోలుకొని ఆహారం బాగా ఒంటబట్టడం మొదలైతే రక్తంలో చక్కెర లెక్కలు మారవచ్చు. మందుల మోతాదు, ఇన్సులిన్ అయితే మరీ ముఖ్యంగా, మొదటి కొన్ని నెలలు తరచుగా చూపించుకొని సరిచేయించుకోండి. ఈ వయసులో ఎముకల సాంద్రత పరీక్ష చేయించడం కూడా అవసరం. ఏళ్ళ తరబడి సున్నం, విటమిన్ డి ఒంటబట్టకపోతే ఎముకలు గుల్లబారి ఉండవచ్చు. చిన్న వయసులో ఇన్సులిన్‌తో మొదలయ్యే ఒకటో రకం చక్కెర వ్యాధికీ, థైరాయిడ్ జబ్బులకూ సీలియాక్‌తో చుట్టరికం ఉంది కనుక ఆ జబ్బులున్న పిల్లల తల్లిదండ్రులు టీటీజీ పరీక్ష గురించి తమ వైద్యులను అడగవచ్చు.

ప్రశ్న: ఇదంతా ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్ జబ్బు అని మా మామయ్య అంటారు. మన తాతలు గోధుమ తినలేదా?
– ఒక విద్యార్థి, పార్వతీపురం

జవాబు: ఫ్యాషన్ కోసం గ్లూటెన్ మానేవారు ఉన్న మాట నిజమే కానీ జబ్బు పాతది. రెండో శతాబ్దంలో అరెటియస్ అనే గ్రీకు వైద్యుడు ఇటువంటి రోగులను వర్ణించాడు. 1888లో శామ్యూల్ గీ అనే ఆంగ్ల వైద్యుడు పిల్లలలో దీని లక్షణాలను వివరించి, నయమయ్యేదంటూ ఉంటే అది తిండి ద్వారానే అని ఊహించాడు. ఏ తిండి అన్నది తేల్చినవాడు విలెమ్ డికే అనే డచ్చి పిల్లల వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టె కరువై జనం ఆకలితో అల్లాడినప్పుడు ఈ పిల్లలు తేరుకోవడం, మళ్ళీ రొట్టె రాగానే జబ్బుపడడం ఆయన అప్పటికే పడుతున్న అనుమానాన్ని బలపరిచింది. 1950లో తన సిద్ధాంత గ్రంథంలో గోధుమ పాత్రను నిరూపించాడు. మన దేశంలో ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో ఈ వ్యాధి చాలా తక్కువ అని అధ్యయనాలు చెబుతున్నాయి. గోధుమ వాడకం తక్కువ కావడం అందుకు ఒక కారణంగా భావిస్తారు. మీ తాతగారి తరంలో గోధుమ ఎంత వాడేవారో మీ మామయ్యగారినే అడగండి.

ప్రశ్న: నాకు ఇరవై రెండేళ్ళు. పథ్యం పాటిస్తూ నెలకొకసారి స్నేహితులతో పరోటా తింటున్నాను. ఏ బాధా లేదు. కొనసాగించవచ్చా?
– ఒక యువకుడు, టెక్కలి

జవాబు: వద్దు. బాధ లేకపోవడమూ పేగు దెబ్బతినకపోవడమూ ఒకటి కావు. ఈ వ్యాధిలో చాలామందికి కడుపు నొప్పే రాదు. రక్తహీనతగానో, ఎముక విరిగినప్పుడో, సంతానం కలగనప్పుడో బయటపడుతుంది. పెద్దవారిలో పేగు గోడ పూర్తిగా మానడానికి రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మధ్యలో పడే ప్రతి పరోటా ఆ మానే పనిని వెనక్కు లాగుతుంది. పథ్యం లేకుండా ఏళ్ళు గడిపినవారిలో అరుదుగా చిన్నపేగు లింఫోమా అనే క్యాన్సరు కూడా వచ్చే అవకాశం ఉంది. స్నేహితులతో కూర్చోవడం మానవద్దు. బీరులో బార్లీ ఉంటుందన్న సంగతి కూడా మీ వయసును బట్టి చెబుతున్నాను.

మరికొన్నింటికి క్లుప్తంగా

*నరసన్నపేట పాఠకురాలికి:* ఎండాకాలం మూత్రం మంటకూ, గర్భిణులకు కాళ్ళ వాపుకూ మన ఇళ్ళలో ఇచ్చే బార్లీ జావ మీరు తాగకూడదు. సగ్గుబియ్యం జావ, కొబ్బరి నీళ్ళు, సబ్జా గింజల నీళ్ళు తాగండి. గర్భంతో ఉండగా కాళ్ళు వాచి తలనొప్పి కూడా ఉంటే ముందు రక్తపోటు చూపించుకోవాలి.

*సాలూరు పాఠకునికి:* స్వచ్ఛమైన ఓట్స్‌లో గోధుమ గ్లూటెన్ లేదు కానీ పొలంలోనూ మిల్లులోనూ గోధుమ కలిసే అవకాశం ఎక్కువ, కొద్దిమందికి ఓట్స్ కూడా పడవు. కొర్రలు, సామలు దొరికే చోట ఓట్స్ కోసం తాపత్రయం ఎందుకో నాకు అర్థం కాదు.

*కవిటి పాఠకునికి:* ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడేవారికి రక్తహీనత సాధారణంగా ఆ జబ్బు వల్లనే వస్తుంది, దానికి సీలియాక్‌తో సంబంధం లేదు. మీకు రెండూ ఉన్నాయని తేలింది కనుక పైన నేను రాసిన పప్పులు, చోళ్ళు, ఎండుచేపల సలహా మీకు యథాతథంగా వర్తించదు. మాంసకృత్తులు, పొటాషియం, భాస్వరం ఎంత తీసుకోవాలో కిడ్నీ వైద్యులే నిర్ణయించాలి. ఒంటినొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలు అసలు వేసుకోకండి.

*గజపతినగరం పాఠకురాలికి:* మీకు వ్యాధి ఉన్నది కనుక మీ తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా, బాధ ఉన్నా లేకపోయినా, ఒకసారి టీటీజీ చేయించుకోవాలి. దగ్గరి రక్తసంబంధీకులలో సుమారు పదిమందిలో ఒకరికి ఇది ఉండవచ్చు. మీ తమ్ముడి మోచేతుల మీద, మోకాళ్ళ మీద విపరీతంగా దురద పెట్టే నీటిపొక్కులు వస్తున్నాయని రాశారు, అది ఈ వ్యాధికి సంబంధించిన చర్మరోగమే కావచ్చు. ఆయన గోధుమ మానకముందే చర్మవైద్యులకు చూపించండి.

*ఇచ్ఛాపురం పాఠకునికి:* మాత్రలలో వాడే పిండి ఎక్కువగా మొక్కజొన్నదే, అరుదుగా గోధుమది ఉంటుంది. రోజూ వేసుకునే మాత్రల గురించి మందుల షాపు వారిని ఒకసారి అడిగి తెలుసుకుంటే చాలు. సబ్బులు, తలనూనెలు చర్మం మీదుగా పేగుకు హాని చేయవు కనుక వాటిని మార్చనక్కరలేదు.